వలకు గుచ్చేవి గుళ్లా, గుండ్లా?

సందేహం: మాది ఆమదాలవలస దగ్గర నాగావళి ఒడ్డు ఊరు. మా నాన్నగారు ఏట్లో చేపల వేటకు వెళ్లే రోజుల గురించి ఒక వ్యాసం రాశాను. అందులో "నాన్న సీసం మరిగించి గుళ్లు పోసి వలకు గుచ్చేవారు" అన్న వాక్యం ఉంది. చదివిన ఒక మాస్టారు "గుళ్లు అంటే దేవాలయాలు, సీసపు గుండ్లు అని రాయాలి" అని ఎర్ర ఇంకుతో దిద్దారు. మా ఇంట్లో ఎవరూ గుండ్లు అనగా నేను వినలేదు. నేను రాసింది తప్పేనా? ఇంకో మాట, సీసానికీ సీసాకీ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: గుళ్లు తప్పు కాదండి. మీ వాక్యంలో మార్చాల్సిన మాట ఒకటుంది కానీ అది ఇది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

గుండు అనే మాటకు "లు" చేరితే గుండులు, అది నోట్లో నలిగి గుండ్లు, ఇంకా నలిగి గుళ్లు అయింది. పండు పండ్లయి పళ్లయినట్టే, బండి బండ్లయి బళ్లయినట్టే, ఏడు ఏండ్లయి ఏళ్లయినట్టే. "పదేళ్లు" అని రాసినవారిని ఎవరూ ఆపి "పదేండ్లు" అని దిద్దరు. మరి గుళ్ల దగ్గర ఎందుకు ఆగాలి? నల్లపూసల మధ్య బంగారు గుళ్లు వేయించామని ఆడవాళ్లు చెప్పుకుంటారు, తుపాకి గుళ్లు అని రోజూ వింటాం. ఎవరికీ గుడి గోపురం గుర్తుకు రాదు.

మాస్టారి అనుమానం ఊరికే పుట్టిందని మాత్రం అనను. గుడికీ బహువచనం గుళ్లే. అందులోనూ మీది నాగావళి ఒడ్డు. బలరాముడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెప్పే శివాలయాలు గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి మీదుగా ఆ ఏటి వెంటే ఉన్నాయి. "నాగావళి గుళ్లు" అని శీర్షిక పెడితే ఎవరైనా ఆ గుళ్ల గురించే అనుకుంటారు. విజయనగరం జిల్లా సంతకవిటి మండలంలో గుళ్ల సీతారామపురం ఉంది. ఆ "గుళ్ల" అక్కడి రామాలయం వల్ల వచ్చింది. "గుళ్ల వల" అన్నప్పుడు అదే "గుళ్ల" గుండు నుంచి వచ్చింది. అక్షరం అక్షరం ఒకటే అయినా పక్కమాట దేన్నో పట్టిస్తుంది. మీ వాక్యంలో "పోసి", "గుచ్చేవారు" ఉన్నాయి. గుడిని పోసి గుచ్చేవాడు లేడు కదా! ఇలాంటి జంటలు మనకు కొత్త కాదు. పళ్లు అంటే తినేవీ, వాటిని తినేవీ కూడా. బళ్లు అంటే ఎడ్లు లాగేవీ, పిల్లలు చదివేవీ.

శ్రీకాకుళంలో ఏటిగట్టున విసురు వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గర నేను ఒకసారి గంటసేపు కూర్చున్నాను. వల అంచు తాడు కాలి వేళ్ల మధ్య బిగబట్టి, వేలెడు పొడవున కోసిన సీసపు రేకును దాని చుట్టూ తిప్పి, అడుగున రాయి పెట్టి చిన్న సుత్తితో తడుతున్నారు. "గట్టిగా కొడితే తాడు నలిగి తెగిపోద్ది, మెల్లిగా కొడితే జారిపోద్ది" అన్నారు. ఒక చోట ఖాళీ చూపించి, "ఇక్కడి గుండు ఏట్లో పోయింది, మిగతా గుళ్లు గట్టిగానే ఉన్నాయి" అన్నారు. గుండు, గుళ్లు! ఒకే వాక్యంలో ఏకవచనం, బహువచనం చక్కగా వచ్చేశాయి. ఆ పనిలో బతికినవారి నోట పలికే మాటకు ఇంతకన్నా సాక్ష్యం నేను వెతకను.

ఆయన చేసిన పనికి "గుచ్చడం" అనే మాట నప్పదు. అది చుట్టడం, తొడగడం. బెజ్జం ఉన్న గుండులోంచి తాడు దూర్చి వరసగా ఎక్కిస్తే, పూసల్లాగే, అది గుచ్చడం. గాలపు దారానికి వాడే చిన్న గుళ్లకు నడుమ చీలిక ఉంటుంది, దారం అందులో పెట్టి పట్టకారుతో నొక్కుతారు, కాబట్టి అది నొక్కడం లేదా బిగించడం. దారం మీద అటూ ఇటూ జారే గుండైతే "వేయడం" చాలు, కింద అది ఆగేందుకు ఒక ముడి ఉంటుంది. మీ నాన్నగారు పోత పోసేటప్పుడే బెజ్జం వచ్చేట్టు పోసేవారైతే "గుచ్చేవారు" చక్కగా సరిపోతుంది. ఎలా చేసేవారో మీకే తెలుసు, దాన్నిబట్టి క్రియ ఎంచుకోండి.

ఇక్కడ భాషకు సంబంధం లేని మాట ఒకటి. చీలిక గుళ్లను కొందరు పళ్లతో కొరికి బిగిస్తారు. దయచేసి అలా చేయకండి, సీసం విషం. కరిగించేటప్పుడు ఆ పొగ పీల్చకూడదు, వంటింటి గిన్నె వాడకూడదు, అచ్చులో తడి ఉంటే కరిగిన సీసం మొహం మీదికి చిమ్ముతుంది. ఇంగ్లండులో నీళ్లలో పడిన ఈ గుళ్లను హంసలు మింగి చనిపోతుంటే, 1987లో చిన్న సైజు సీసపు గుళ్ల అమ్మకమే ఆపేశారు.

ఇప్పుడు మీరు మార్చాల్సిన మాట. అది "మరిగించి". పాలు మరుగుతాయి, నీళ్లు మరుగుతాయి, అంటే బుడగలు లేచి ఆవిరవుతాయి. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కానీ మరగాలంటే 1749 డిగ్రీలు కావాలి, అంత వేడి ఇంటి పొయ్యి మీద రాదు. కాబట్టి "సీసం కరిగించి" అనండి. "చెవిలో సీసం కరిగించి పోసినట్టు" అనే పాత వాడుకలో ఉన్నదీ ఈ మాటే. "గుళ్లు పోసి" భేషుగ్గా ఉంది. బుడితి ఇత్తడి పనివారి చేతిలోనైనా, మీ ఇంటి పెరట్లోనైనా, లోహాన్ని కరిగించి అచ్చులో పోయడాన్ని పోత అనే అంటాం.

"సీసపు" గురించి మాస్టారు చెప్పింది వ్యాకరణం ప్రకారం సరైనదే. సీసము వంటి మాట తర్వాత ఇంకో నామవాచకం వస్తే "ము" పోయి "పు" గానీ "ంపు" గానీ వస్తుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీనికి సూత్రం ఉంది, సరసపు మాట అన్నట్టు. శాతవాహనుల సీసపు నాణేలు అని చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. అయితే బంగారం గాజులు, సీసం గుళ్లు అని మాట్లాడేటప్పుడు హాయిగా అంటాం. మీ వ్యాసం ఇంట్లో మాట్లాడుకున్నట్టు సాగితే సీసం గుళ్లు అనే రాయండి.

ఇక సీసం, సీసా. సీసం సంస్కృతం నుంచి వచ్చింది, సీసా పారసీ శీషా నుంచి ఉర్దూ మీదుగా. చుట్టరికం లేదు. రెండూ వేరు మాటలనే గుర్తు మీ ప్రశ్నలోనే ఉంది. మీకు తెలియకుండానే "సీసానికీ సీసాకీ" అని వేరుచేసి రాశారు. "ం" తో ముగిసే మాటకు "నికి", మరోదానికి వట్టి "కి". చిక్కంతా బహువచనం దగ్గరే. శ్రీనాథుడి సీసాలు అంటే పద్యాలు, అటక మీది సీసాలు వేరు. వల బరువు సీసానికి మటుకు బహువచనమే లేదు, అది ముద్ద లోహం. అందుకే లెక్కపెట్టాలంటే మనకు గుళ్లు కావాలి.

ఒక్క జాగ్రత్త. మన వైపు చాలామంది "ళ" ను "ల" గా పలుకుతారు, వినికిడిని నమ్మి "గుల్లు", "గుల్ల వల" అని రాయకండి. గుల్ల అంటే లోపల ఏమీ లేనిది, సముద్రపు ఒడ్డున ఏరుకునేది. గుండు అలా కాదు, లోపలంతా నిండుగా ఉంటుంది, అదే సైజు ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది.

మీ నాన్నగారు పెద్ద గుండుకూ చిన్న గుండుకూ వేరే పేర్లేమైనా వాడేవారా? గుర్తుంటే ఆ మాటలూ వ్యాసంలో చేర్చండి. నాకూ ఒక కార్డు రాయండి.