సియాటిల్ నీళ్లలో ఆక్టోపస్ కనిపిస్తే భయపడాలా?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగం చేస్తూ ఈమధ్య స్కూబా డైవింగ్ నేర్చుకున్నాడు. సముద్రంలో తనకంటే పొడుగున్న ఆక్టోపస్‌ని చూశానని మొన్న ఫోన్లో సంబరపడిపోతూ చెప్పాడు. ఆక్టోపస్ కరిస్తే నిమిషాల్లో ప్రాణం పోతుందని ఏదో వీడియోలో చూశాను, అప్పటినుంచి ఒకటే టెన్షన్. మానేయమని చెప్పనా?
- ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: వద్దమ్మా, మానేయమనకండి. వీడియోలో మీరు చూసింది ఒంటి నిండా నీలి ఉంగరాలుండే చిన్న జాతి. అది ఆస్ట్రేలియా, ఇండోనేసియా వైపు వెచ్చటి నీళ్లలో ఉంటుంది, సియాటిల్ దగ్గర ఉండదు. మీ అబ్బాయి చూసింది జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ అయ్యుంటుంది. చేతులు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు మీటర్లు దాటేవి కూడా ఉంటాయి, అయినా మనిషిని చూస్తే రాతి సందులోకి దూరిపోయే రకం.

పగలు ఎక్కువగా కన్నంలోనే ఉండి రాత్రిపూట పీతల వేటకి వెళ్తుంది, తిన్న పీత డిప్పలూ గుల్లలూ గుమ్మం ముందే పడేస్తుంది కాబట్టి డైవర్లు ఆ కుప్ప చూసి ఇల్లు కనిపెడతారు. కన్నంలో చేయి పెడితే మాత్రం అది మన చేతిని పట్టుకోవచ్చు, ఒక్కోసారి మాస్క్‌నో కెమెరానో లాగుతుంది కూడా. అప్పుడు కంగారుపడి గుంజుకోకుండా నెమ్మదిగా విడిపించుకోవాలి. నిజానికి అక్కడ జాగ్రత్త పడాల్సింది చలికి, నీటి ఉరవడికి. మంచి డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాని డైవింగ్ సూట్) వేసుకుని, తోడు లేకుండా ఎప్పుడూ దిగకుండా ఉంటే చాలు.

ఆ ఊరి డైవర్లకి ఈ ఆక్టోపస్‌లంటే ఎంత ప్రేమంటే, 2012లో ఒక కుర్రాడు వెస్ట్ సియాటిల్ తీరంలో ఒకదాన్ని పట్టుకెళ్తే, అది అప్పటికి చట్టప్రకారం తప్పు కాకపోయినా, పెద్ద గొడవ చేశారు. మరుసటి ఏడాదే వాషింగ్టన్ రాష్ట్రం డైవర్లు ఎక్కువగా వెళ్లే 7 చోట్ల ఆక్టోపస్‌ వేటని నిషేధించింది. నాకైతే ఆ గొడవ న్యాయమే అనిపిస్తుంది.

ఎందుకంటే ఈ ఆక్టోపస్ బతికేదే మూడు నుంచి ఐదేళ్లు. ఆడది ఒక్కసారే గుడ్లు పెడుతుంది, బియ్యపు గింజంత గుడ్లు వేలకి వేలు, దండల్లా కన్నం పైకప్పుకి వేలాడదీసి, ఆరేడు నెలలు తిండి మానేసి, వాటి మీదకి నీళ్లు చిమ్ముతూ శుభ్రం చేస్తూ కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చే వేళకి చిక్కి శల్యమై చనిపోతుంది. మీ అబ్బాయికి అలా తెల్లటి దండలున్న కన్నం కనిపిస్తే లైటు పక్కకి తిప్పి, చేయి పెట్టకుండా వచ్చేయమనండి.