బస్సు ఏడింటికి, ప్రార్థన ఎన్నింటికి?

ఈ నెల ఉత్తరాలు నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి. నాలుగూ క్రైస్తవ ఇళ్ళలోని బడి పిల్లల గురించే.

ప్రశ్న: మాది మారతహళ్ళి. బాబు ఏడో తరగతి, పాప రెండో తరగతి. బస్సు 7:05కి గేటు దగ్గరుంటుంది. మావారికి రాత్రిళ్ళు ఆఫీసు కాల్స్. పుట్టింట్లో రోజూ తెల్లవారి ఐదింటికి కుటుంబ ప్రార్థన జరిగేది. ఇక్కడ వారానికి ఒక్కరోజైనా కుదరడం లేదు. రాత్రి కూర్చోబెడితే పాప నిద్రపోతుంది, బాబు గడియారం చూస్తుంటాడు.

జవాబు: ముందు ఆ ఐదు గంటల లెక్క పక్కన పెట్టండమ్మా. పదింటికి పడుకునే పిల్లను ఐదింటికి లేపితే ఆమెకు గుర్తుండేది బైబిలు వాక్యం కాదు, ఆవలింత. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 6:7 చూడండి. ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు దేవుని మాటల గురించి పిల్లలతో మాట్లాడమంది గాని, ఎన్నింటికో చెప్పలేదు. ఈ నాలుగూ మీ ఇంట్లో రోజూ ఉన్నాయి.

పొద్దున లిఫ్ట్ దగ్గర నుంచి గేటు దాకా నడిచే రెండు నిమిషాలు చాలు. ఒక్క వాక్యం ప్రార్థన, అదీ ఆ రోజు సంగతి పేరు పెట్టి: "ప్రభువా, మూడో పీరియడ్‌లో మాథ్స్ టెస్టు ఉంది, వీడు కంగారు పడకుండా చూడు." గంపగుత్తగా "అందరినీ దీవించు" అంటే పిల్లల చెవికి ఎక్కదు. సాయంత్రం బస్సు దిగగానే టెస్టు ఎలా రాశాడో అడగండి. మీరే మర్చిపోతే పొద్దుటిది మొక్కుబడి అని మూడోరోజుకే వాళ్ళకు తెలిసిపోతుంది.

బైబిలు చదవడానికి రాత్రి భోజనం అయ్యాక, కంచాల ముందు నుంచి లేవకముందు కూర్చోండి. చెయ్యి కడుక్కోవడానికి లేచారంటే మళ్ళీ కూర్చోరు. పక్క వేశాక పెట్టుకుంటున్నారు కాబట్టే పాప నిద్రపోతోంది. మొత్తం పది నిమిషాలు: పది వచనాలు చదవడానికి రెండు, మాటలకు ఐదు, ప్రార్థనకు మూడు. మాటలంటే వ్యాఖ్యానం కాదు. "ఇందులో నీకు వింతగా అనిపించింది ఏది?" అని ఒకే ప్రశ్న వేసి ఊరుకోండి. ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి యేసు ముందుకు దించిన సంగతి దగ్గర మీ రెండో తరగతి పాప "ఆ ఇంటివాళ్ళు తిట్టలేదా?" అంటుంది. అననివ్వండి.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, దాదాపు 680 వచనాలు. రోజుకు పది చొప్పున, వారానికి ఐదు రోజులైతే పద్నాలుగు వారాలు. జూన్‌లో బడి తెరవగానే మొదలుపెడితే దసరా సెలవులకు ముందే ముగుస్తుంది. ఆదికాండము నుంచి వరసగా పట్టుకున్న ఇళ్ళు ఎక్కువగా నిర్గమకాండము చివర్లో, ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతల దగ్గర ఆగిపోతాయి!

ఇక చెడేది ఎక్కడంటే, ఎక్కువగా ప్రార్థనలోనే. "ప్రభువా, వీడికి బుద్ధినియ్యి, ఫోన్ పిచ్చి వదిలించు" అని బాబు పక్కనే కూర్చుని అంటే, వాడు కళ్ళు మూసుకుని వినేది ప్రార్థన కాదు, తిట్లు. వాణ్ణి మందలించాలంటే ముఖం చూసి వేరే మందలించండి. రెండోది, ఫోన్‌లో బైబిలు. మూడో వచనం దగ్గర క్లాస్ గ్రూపు మెసేజ్ టింగుమంటుంది, హోంవర్క్ చర్చ మొదలవుతుంది. అచ్చు పుస్తకమే తీయండి. మూడోది, తప్పిపోయిన రోజుల బాకీ. నిన్న కుదరలేదని ఈ రోజు ఇరవై వచనాలు చదవొద్దు. పరీక్షల వారంలో నాలుగు వచనాలు, ఒక ప్రార్థన. మీవారికి శనివారం ఉదయం టిఫిన్ వేళ అప్పజెప్పండి. వారానికి ఒక్కసారి తండ్రి నోట విన్నా పిల్లలకు అది నాన్న పని కూడా అని తెలుస్తుంది.

ప్రశ్న: అయిదో తరగతి చదివే మా పాప స్కూలు బస్సులో పక్క సీటు అమ్మాయితో "మీరు విగ్రహాలకు మొక్కుతారు కాబట్టి నరకానికి పోతారు" అందట. ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ విషయాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. క్షమాపణ అడిగితే విశ్వాసాన్ని కాదన్నట్టు అవుతుందా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: అవదు. మీరు క్షమాపణ అడిగేది ఒక పిల్లను ఏడిపించినందుకు. అదీ ఇవాళే. గ్రూపులో "ఇంటికొచ్చి మాట్లాడతానండి" అని ఒక్క ముక్క రాసి వదిలేయండి. వెళ్ళేటప్పుడు పాపను గాని, స్వీట్ ప్యాకెట్ గాని తీసుకెళ్ళొద్దు. "మా అమ్మాయి మీ అమ్మాయిని బాధపెట్టింది. ఎలా మాట్లాడాలో మేం సరిగా నేర్పలేదు. ఏమనుకోకండి" అని అక్కడితో ఆపండి. "కాకపోతే మా నమ్మకం ప్రకారం..." అని ఎత్తుకున్నారంటే క్షమాపణ కాస్తా వాదనైపోతుంది.

పాపను కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ మాట ఎక్కడ విన్నావని అడగండి. చాలాసార్లు జవాబు మనింటి డైనింగ్ టేబుల్ దగ్గరే దొరుకుతుంది. పొరుగువాళ్ళ పూజ గురించి మనం వెటకారంగా అన్నది పిల్ల నోట తీర్పుగా బయటికి వస్తుంది.

తర్వాత ఒక చిన్న కట్టడి నేర్పండి: "నేను", "మేము" అని మొదలయ్యే మాటలే చెప్పాలి, "నువ్వు", "మీరు" అని మొదలయ్యేవి వద్దు. 1 పేతురు 3:15 కూడా అడుగు ప్రతివానికి సమాధానం చెప్పమంది, అదీ "సాత్వికముతోను భయముతోను". ఎదుటివాళ్ళు అడగాలి, మనం మెత్తగా చెప్పాలి. రెంటిలో ఏది లేకపోయినా నోరు మూసుకోవడమే మేలు. బస్సులో పిల్లలు నిజంగా అడిగేవి రెండు మూడే ఉంటాయి. ఇంట్లో నాటకంలా ఆడించండి. "బొట్టు ఎందుకు పెట్టుకోవు?" అంటే, "మా ఇంట్లో పెట్టుకోం. నీ స్టిక్కర్ బాగుంది." "ఆదివారం బర్త్‌డేకి రాలేదేం?" అంటే, "పొద్దున చర్చికి వెళ్తాం. సాయంత్రమైతే వచ్చేదాన్ని." వచ్చేదాన్నని అన్నాక నిజంగా పంపాలి మరి.

స్కూలు బ్యాగులో మత ప్రచార కరపత్రాలు పెట్టి పంపే అలవాటుంటే అదీ మానండి. రాజ్యాంగంలోని 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. అది తన మతం గురించి చెప్పుకునే హక్కే గాని, ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో సంరక్షకుల అనుమతి లేకుండా మైనర్లను మతబోధకు కూర్చోబెట్టరాదని 28(3) అంటోంది. మన పిల్లలకు కావాలనుకునే ఆ రక్ష అవతలి పిల్లలకూ కావాలి కదా. వేసవిలో వి.బి.ఎస్.కు (సెలవుల్లో చర్చి పిల్లలకు నడిపే బైబిలు బడికి) పిలవాలంటే పిల్లను కాదు, తల్లిని పిలవండి. పాటలు, బైబిలు కథలు, క్రాఫ్ట్ ఉంటాయని ఉన్నదున్నట్టు చెప్పండి. సమ్మర్ క్యాంప్ అని చెప్పి తీసుకెళ్ళడం మోసమే.

ప్రశ్న: వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలందరికీ ప్రసాదం పెడతారు. మా బాబు ఏం చేయాలి?

జవాబు: అవిశ్వాసి ఇంటికి పిలిచి పెడితే ఏమీ విచారింపక తినమని, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దని 1 కొరింథీయులకు 10:27, 28లో పౌలు రాశాడు. ఆచరణలో సంఘాల మధ్య తేడాలున్నాయి. మీ పాస్టరుగారితో మాట్లాడండి. వద్దనుకుంటే బాబు నవ్వుతూ "వద్దాంటీ, థాంక్స్" అనాలి. తీసుకుని డస్ట్‌బిన్‌లో వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. అలాగే క్రిస్మస్‌కు మీరు కేకు పంచేటప్పుడు ఎగ్‌లెస్ వేరుగా తెప్పించి, డబ్బా మీద రాయండి. గుడ్డు తినని పొరుగింటివాళ్ళు మొహమాటానికి తీసుకుని ఇబ్బంది పడకూడదు.

ప్రశ్న: పిల్లలకు తెలుగు చదవడం రాదు. స్కూల్లో కన్నడ, ఇంగ్లీషు. తెలుగు బైబిలు ఎలా?

జవాబు: కన్నడ వస్తే సగం వచ్చినట్టే. చాలా అక్షరాలు ఒకేలా ఉంటాయి. పిల్లలు తడబడేది క, త, శ లాంటి వాటి దగ్గర, తలకట్టు దగ్గర. కన్నడలో దీర్ఘానికి అక్షరం పక్కన వేరే గుర్తు వేస్తారు. మనం గుడిదీర్ఘం నెత్తిన పెడతాం. ఇవి ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మొదటి పాఠానికి 117వ కీర్తన తీసుకోండి, రెండే వచనాలు. చదవడం కంటే మాటలే కష్టం: "నిబంధన" (బైబిల్లో ఒడంబడిక) అంటే వాళ్ళు రూల్ అనుకుంటారు, "నిరీక్షణ" (బైబిల్లో ఆశ) అంటే వేచి ఉండడం అనుకుంటారు. అలాంటి మాట రాగానే ఆగి అర్థం చెప్పండి. రోజుకు ఒక్కటి, నోటుబుక్కులో వాళ్ళ చేత్తోనే రాయించండి.