ముందు ఆ ఉప్పు రీడింగ్ చెప్పు

చిరంజీవి రాజుకి మావయ్య ఆశీస్సులు.

ఫోటో చూశాను. ఉప్పునీటి చేపల ట్యాంకు బాగానే ఉంది కానీ రాళ్ళు ఇంకా తెల్లగా మెరుస్తున్నాయిరా. పెట్టి రెండు నెలలేగా! అందులోకి సీ అర్చిన్‌ని, అదే ఒళ్ళంతా ముళ్ళుండే ఆ గుండ్రటి సముద్ర జీవిని, ఇప్పుడే తెస్తే పాపం అదేం తింటుంది? రాత్రిళ్ళు రాళ్ళ మీద నాచు గీక్కుని బతికే ప్రాణి అది. రాళ్ళకి పచ్చగా, గులాబీ రంగుగా పొర పట్టనీ. ఆరు నెలలైనా ఆగు.

అసలు చిక్కంతా ఉప్పుతోనే. చేప తన ఒంట్లో ఉప్పు తనే సర్దుకుంటుంది. అర్చిన్‌కి ఆ వెసులుబాటు లేదు. బయట నీళ్ళెంత ఉప్పగా ఉంటే దాని ఒంట్లో నీళ్ళూ అంతే. అందుకే ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో రీడింగ్ (మంచినీళ్ళకి 1 అయితే) 1.025 దగ్గర కదలకుండా ఉండాలి. ఒక మే నెలలో పెళ్ళికని నేను నాలుగు రోజులు ఊరెళ్ళాను. వచ్చేసరికి ట్యాంకులో నీళ్ళు రెండంగుళాలు తగ్గాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది కదా. కంగారులో పెద్ద బకెట్‌తో మంచినీళ్ళు ఒక్కసారే దిమ్మరించేశాను. తెల్లారి చూస్తే ఇసుక మీద నా అర్చిన్ ముళ్ళు రాలి ఉన్నాయి. మర్నాటికి అది పోయింది. మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. తగ్గిన నీళ్ళు రోజూ కొంచెం కొంచెంగా పోస్తుండు. ఉప్పు కలపని నీళ్ళే పోయాలి. తగ్గిన నీళ్ళు తనంతట తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం కొనుక్కుంటే ఊరెళ్ళినా టెన్షన్ ఉండదు.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మీ వంటింట్లో ఉన్నది రాగి కలిపే ప్యూరిఫయర్ కదూ? ఆ నీళ్ళు ట్యాంకులో చుక్క కూడా పడకూడదు. రాగి బిందెలో నీళ్ళూ అంతే. మనం ఆరోగ్యమని తాగే రాగి అర్చిన్‌కి విషం. చేపలకి తెల్లమచ్చలొస్తే వేసే మందుల్లోనూ చాలావాటిలో రాగే ఉంటుంది. జబ్బు చేపని వేరే తొట్టిలో పెట్టి వైద్యం చెయ్యి. ట్యాంకు నీళ్ళ కోసం, మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ క్యాట్రిడ్జ్ ఉన్న ఆర్వో ఫిల్టర్ తీసుకుని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన పదార్థాల కొలత) సున్నాకి తెచ్చుకో. ట్యాంకు నీళ్ళ వేడి 24 నుంచి 26 డిగ్రీలు, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) చాలు. దాని పెంకూ ముళ్ళూ కాల్షియంతోనే తయారవుతాయి.

అర్చిన్లలో ఏ రకమంటావా, టక్సీడో అనేది తీసుకో. నల్లగా పొడుగు ముళ్ళుండే డయడెమా జోలికి పోవద్దు. దాని ముళ్ళు అడుగు పొడవు దాకా పెరుగుతాయి, గుచ్చుకుంటే మంట. టక్సీడో మాత్రం చిన్న దొంగ. గవ్వలూ, సరిగ్గా అంటించని కోరల్ ముక్కలూ నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంది.

ట్యాంకులో నాచు తరిగాక నోరి షీటు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క అర్చిన్ ముళ్ళ మీద పెట్టు, అదే లాక్కుంటుంది. ఉప్పూ మసాలా లేనిది చూసుకో. అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం పీకకు, దాని సన్నటి కాళ్ళు తెగిపోతాయి. ముళ్ళు వాలినా రాలినా ముందు ఉప్పు కొలిచి చూడు, మిగతావన్నీ తర్వాత. చచ్చిపోయిందనిపిస్తే వెంటనే తీసెయ్యి, గంటల్లో నీళ్ళు పాడుచేస్తుంది.

కొన్నాక కవర్లోంచి అమాంతం వదిలేయకు. దాన్ని కవర్లోని నీళ్ళతో ఒక బకెట్‌లో పెట్టి, సన్నటి గాలి గొట్టంతో ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా అందులోకి పడనీ, రెండు గంటలు పట్టినా పర్వాలేదు. నీళ్ళలోంచి బయటికి తియ్యకుండా గిన్నెతోనే మార్చు.

ఈ లోపు వారం రోజులు ఉదయం, రాత్రి ఉప్పు కొలిచి కాగితం మీద రాసి పెట్టు. ఆదివారం ఫోన్ చేసి ఆ అంకెలు చదివి వినిపించు.

మీ మావయ్య