"మీరే చేశారా?" అని అడుగుతరు, జవాబు రెడీగ పెట్టుకో చెల్లె

మొన్న ఒక చెల్లె ఫోన్ చేసింది, మన నల్లగొండ దిక్కే, వచ్చి ఎనిమిది నెలలైందట, మొగునిది హెచ్1బి, అంటే అమెరికాల ఉద్యోగం వీసా, తనది హెచ్4, అంటే ఆయన భార్యగ వచ్చిన వీసా. "అక్కా, ఇంట్ల కూసోని కూసోని పిచ్చి లేస్తుంది, మా అమ్మతోని పోచంపల్లి చీరలు ఓ ఇరవై తెప్పించి ఇక్కడ క్రాఫ్ట్ ఫెయిర్ల టేబుల్ పెడదామనుకుంటున్న, నువ్వు పెడ్తవంట కదా, ఎట్లనో జర చెప్పు" అన్నది. ఏడాదికి నలుగురైదుగురు ఇదే అడుగుతరు నన్ను, ఒక్కొక్కరికి గంటగంట ఫోన్ల చెప్పేబదులు ఒక్కసారి రాసి పారేస్తే అయిపోతది కదా అని కూసున్న. నేనుండేది అమెరికాల ఒహాయో స్టేట్‌ల, కొలంబస్ దగ్గర. లైసెన్స్, టాక్స్ లాంటియి ఇక్కడి లెక్కల చెప్తున్న, మీ స్టేట్‌ది మీరు చూస్కోండ్రి.

ముందుగాల చేదు మాట చెప్తా. హెచ్4 మీద ఈఏడీ కార్డు, అంటే పని చేసుకోనిచ్చే పర్మిషన్ కార్డు, లేకుంటే టేబుల్ పెట్టకు. చర్చి బేస్‌మెంట్ల చిన్న బజారే కదా, మా అమ్మ చీరలే కదా, క్యాషే కదా, ఎవరు చూస్తరు అంటరు అందరు. సరుకు అమ్ముడంటే పని చేసుడే, పర్మిషన్ లేని పని రేపు గ్రీన్ కార్డు టైమ్‌ల ఎక్కడ అడ్డం తిరుగుతదో ఎవరికెరుక. హెచ్1బి ఉన్న మొగుడు కూడ శనివారం పూట స్టాల్‌ల నిలబడి అమ్మొద్దు, ఆయన వీసా ఆ ఒక్క కంపెనీ పనికే. ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా పోరగాళ్లకు ఇంకా కష్టం. "నేను ఫ్రీగ హెల్ప్ చేస్తున్న" అన్నా సరే, లాభానికి నడిచే స్టాల్‌ల నిలబడితే రిస్కే. కంపెనీ బదిలీ మీద వచ్చినోళ్ల వెంట ఎల్2 వీసా మీద వచ్చిన భార్యకైనా భర్తకైనా ఈ బాధ లేదు, 2021 నవంబర్ సంది వాళ్లకు స్టేటస్‌తోనే పని హక్కు ఉన్నది, ఐ-94 (దేశంలకు వచ్చినప్పటి రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటదా లేదా చూస్కుంటే చాలు. హెచ్4 వాళ్లకు ఈఏడీ 2015 మే నుంచి ఇస్తున్నరు, అది కూడ మొగునికి గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 అప్రూవ్ అయితేనో, ఆరేండ్లు దాటి హెచ్1బి పొడిగింపు వస్తేనో. నేను 2009ల వచ్చిన, కార్డు చేతికొచ్చేసరికి 2016. నడుమ ఏడేండ్లు నేనేం చేసిన్నంటే, ఫెయిర్లు తిరిగిన, అంతే. ఇప్పుడు చెప్పేది చాలమటుకు ఆ ఏడేండ్ల చదువే.

కౌంటీ ఫెయిర్ అంటే ఏందో తెల్వకుండ మనోళ్లు మాల్‌లు తిరుక్కుంట ఉంటరు. మన పెద్దగట్టు జాతరల దేవుణ్ణి తీసేసి, అండ్ల పశువుల అంగడి కలిపి, రంగులరాట్నాలు డబుల్ చేస్తే అదే కౌంటీ ఫెయిర్. ఒహాయోల 88 కౌంటీలున్నయి, ఎండాకాలం మొదలైతే ఒకటి కాకపోతే ఒకటి నడుస్తనే ఉంటది. స్టేట్ ఫెయిర్ వేరే, కొలంబస్‌ల జూలై ఆఖరున మొదలైతది, అండ్ల వెన్నతోని చేసిన ఆవును పెడ్తరు, 1903 సంది ఉన్నదంట ఆ సంగతి, నిలువెత్తు ఆవు, ఫ్రిజ్ లాంటి అద్దాల రూమ్‌ల. మా అత్తమ్మ వచ్చినప్పుడు చూపిస్తే "గంత వెన్న ఆగం చేసిండ్రు" అని రోజంతా అదే మాట.

పిల్లలున్నోళ్లు ఫోర్-హెచ్ (పిల్లలకు పశువులు సాదుడు లాంటియి నేర్పే క్లబ్బు) కొట్టాల దిక్కు తప్పకుండ పోండ్రి. అది పుట్టింది కూడ ఈ ఒహాయోలనే, 1902ల, క్లార్క్ కౌంటీల. ఎనిమిదేండ్ల పోరలు మేకనో గొర్రెనో కోడినో సొంతంగ సాది, కడిగి, దువ్వి, జడ్జి ముందట నడిపిస్తరు, ఆఖరుకు వేలంల అమ్ముతరు. ఒక పిల్ల తన మేకను అమ్మి దాని మెడ పట్టుకొని ఏడుస్తుంటే నాకు మా ఊరి అంగడి యాదికొచ్చింది, మా బాపు ఎద్దులను అమ్మొచ్చిన రోజు ఇంట్ల ఎవ్వరం బువ్వ తినలే.

అసలు సంగతి ఎగ్జిబిట్ హాల్‌ల ఉంటది. అండ్ల అల్లికలు, కుట్లు, కేకులు, జాములు, పచ్చళ్లు, గుమ్మడికాయలు, బొమ్మలు వరుసగ పెడ్తరు, ఓపెన్ క్లాస్ అంటరు, రూల్స్‌ల ఉన్న ఏరియాల ఉండేటోళ్లు ఎవరైనా పోటీకి పెట్టొచ్చు. ఇది అమ్ముడు కాదు, పోటీ. మా దగ్గర ఒక్కో ఐటమ్‌కు ఒకటి రెండు డాలర్లు ఫీజు. నీలం రిబ్బన్ ఫస్టు, ఎర్రది సెకండు, తెల్లది థర్డు. ప్రీమియం బుక్ అని ఒకటి ఉంటది, ఫెయిర్ వెబ్‌సైట్‌ల దొరుకుతది, ఏ క్లాస్‌ల ఏం పెట్టాలె, సైజు ఎంత, ఏ రోజు తెచ్చియ్యాలె అన్నీ అండ్లనే ఉంటయి, అది చదవకుండ పోతే నా లెక్కనే అయితది. నేను మొదటిసారి మామిడికాయ తొక్కు పట్టుకపోయిన, మా అమ్మ చేసిన కొలతనే, నూనె పైకి తేలి చూస్తేనే నోట్ల నీళ్లూరేటట్టు ఉన్నది. అక్కడ ఎంట్రీలు తీసుకునే ఆమె సీసాను తిప్పి తిప్పి చూసి, మూత సీల్ కాలే, వేడినీళ్లల్ల ప్రాసెస్ చెయ్యలే, రెసిపీ ఎక్కడిది అని అడిగింది. మా అమ్మది అన్న. నవ్వింది, మంచిగనే నవ్వింది గని తీసుకోలే. వాళ్ల లెక్కల క్యానింగ్ అంటే పరీక్ష చేసిన రెసిపీ, మేసన్ జార్, కొత్త మూత, ఎన్ని నిమిషాలు ఉడకబెట్టినవో లేబుల్ మీద రాయాలె. ఉప్పు నూనెలతోని ఏడాది నిలవుండే మన తొక్కు ఆ లెక్కల యాడ ఇముడుతది.

మరుసటి ఏడాది బొంత పెట్టిన. మా నానమ్మ పాత చీరలు ఒకదాని మీదొకటి పరిచి కుట్టేది చూడు, గదే, కాకపోతే పైన పోచంపల్లి ఇక్కత్ ముక్కలతోని. క్విల్ట్ అంటే వీళ్ల బొంత, ఆ క్లాస్‌ల చేతికుట్టుకు వేరే వరుస ఉన్నది. తెల్ల రిబ్బన్ వచ్చింది, ప్రైజు ఆరు డాలర్లు, జడ్జి కామెంట్ కార్డు మీద కుట్లు సమానంగ లేవు, రంగులు మాత్రం కండ్లు తిప్పుకోనియ్యవు అని రాసింది. మా అమ్మకు వీడియో కాల్‌ల చెప్తే "ఆరు డాలర్లకు నెలరోజులు కుట్టినవా" అన్నది. నిజమే గని, ఆ బొంత కాడ నిలబడ్డ రెండు గంటలల్ల నాతోని మాట్లాడినంత మంది తెల్లోళ్లు అంతకుముందు నాలుగేండ్లల్ల మాట్లాడలే. అందరు అడిగింది ఒక్కటే మాట, "మీరే చేశారా?"

ఆ ప్రశ్న చుట్టే తిరుగుతది చెల్లె ఇక్కడ అంతా. మన దగ్గర చీర కొనేటప్పుడు ఎంత, తగ్గియ్, రంగు పోతదా అని అడుగుతం, ఎవరు నేసిండ్రని ఎవరడుగుతరు? ఇక్కడ మంచి షోలన్నీ ఎవరిని రానియ్యాలో ఎంచేటందుకు జ్యూరీ పెడ్తయి, అంటే ఐదారు నెలల ముందుగాలనే అప్లై చెయ్యాలె, నాలుగైదు ఫోటోలు, అండ్ల ఒకటి స్టాల్ ఫోటో, జ్యూరీ ఫీజు నలభై డాలర్ల దాకా, సెలెక్ట్ కాకపోయినా అది వాపస్ రాదు, సెలెక్ట్ అయితే స్థలానికి మూడు నాలుగొందలు వేరే. అండ్ల మొదటి రూలు, చేసినోళ్లే స్టాల్‌ల ఉండాలె, కొని తెచ్చి అమ్మేది నడవదు. నేను కార్డు రాంగనే మస్తు ఖుషీగ చీరల ఫోటోలతోని ఒక పెద్ద షోకు అప్లై చేసిన, ఇది మీ చేతిపని కాదు కదా అని మెయిల్ వచ్చింది. కోపమొచ్చింది నాకు, మా తాత మగ్గం గుంతల కూసొని నడుము పోగొట్టుకున్న మనిషి, మాకే చెప్తరా చేతిపని అంటే ఏందో అని. రెండ్రోజులైనంక సల్లబడి ఆలోచిస్తే, నేను ఒక్కసారన్న మగ్గం నాడె పట్టిన్నా? పట్టలే. ఇంజనీరింగ్ చదువుకున్న. వాళ్లు అడిగింది తప్పేం కాదు.

అందుకని నీకు చెప్పేది, చీరలు తెప్పించి అమ్మాలనుంటే జ్యూరీ షోల దిక్కు చూడకు. నవంబర్, డిసెంబర్ల స్కూళ్లల్ల, చర్చిలల్ల హాలిడే బజార్లు పెడ్తరు, నలభై యాభై డాలర్లకు టేబుల్ ఇస్తరు, కొన్నిట్ల బయట సరుకు అమ్మనిస్తరు, అడిగి పెట్టు. గని చీరలు మాత్రం మనోళ్లు తప్ప ఎవ్వరు కొనరు, మనోళ్లేమో "మా పిన్ని హైదరాబాద్‌ల గింతకే తెచ్చింది" అంటరు. అమ్ముడుపోయేది ఏందంటే బట్ట. గజాల లెక్కన కోసిన ఇక్కత్ బట్ట, ఇంకా ఫ్యాట్ క్వార్టర్ అని 18 బై 22 ఇంచుల ముక్కలు, క్విల్టు కుట్టే పెద్దమ్మలు వీటికోసం క్యూ కడ్తరు. వాళ్లడిగే మొదటి మాట రంగు దిగుతదా అని. దిగుతది, ఎరుపు మరీ. నేను ఉతకకుండ అమ్మితే ఒకామె తెల్ల క్విల్టు మొత్తం గులాబి అయిపోయింది, పైసలు వాపస్ ఇచ్చి క్షమాపణ చెప్పిన, అప్పటిసంది చల్లనీళ్లల్ల రెండుసార్లు జాడిచ్చి ఆరేసినంకనే కోస్త.

రెండో మాట, ఇది ప్రింటా అని అడుగుతరు. నోటితోని చెప్పకు, బట్ట తిప్పి చూపియ్. ఇక్కత్‌ల నేసే ముందే నూలుకు కట్టు కట్టి రంగేస్తరు కాబట్టి రెండు దిక్కుల ఒకే తీరుంటది, ప్రింట్‌ది వెనుక ఎలిసిపోయి ఉంటది. చిటికి కట్టుడు, అంటే నూలుకు ఆ కట్టు కట్టుడు, ఎట్లుంటదో చూపిద్దామని నేను ఒక చిన్న చట్రం మీద దారాలు లాగి, సైకిల్ ట్యూబ్ రబ్బర్ ముక్కలతోని కట్టి పెట్టుకుంట, పిల్లలు ఊకె వచ్చి ముట్టుకుంటరు. ఆసు, అంటే కట్టుకు ముందు నూలును మేకుల చుట్టు తిప్పే పని, దాని సంగతి చెప్తే ఇంకా నిలబడ్తరు. మన దిక్కు ఆడోళ్లు ఒక్క చీరకు చెయ్యిని అటు ఇటు వేలసార్లు తిప్పేటోళ్లు కదా, మా అమ్మకు ఇప్పటికీ కుడిభుజం లేవదు, ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు ఆయనకు. ఇది చెప్తుంటే పాత పద్ధతిల బతికే అమిష్ మతపోళ్ల ముసలామె ఒకామె నా చెయ్యి పట్టుకొని తన భుజం చూపించింది. ఇంగ్లీషు ఎక్కువేం అక్కరలేదు దీనికి.

పుట్టపాక తేలియా రుమాలు కూడ రెండు పెడ్త, అమ్మడానికి కాదు, చూపించడానికి. నువ్వుల నూనె, ఆముదం కాయల బూడిదతోని నూలును నానబెట్టి చేసేది, 2020ల జీఐ, అంటే ఇది ఆ ఊరిదే అనే గుర్తింపు, వచ్చింది, వాసన చూస్తే ఇప్పటికీ నూనె వాసనొస్తది. మీ ఊర్ల నిజంగ మగ్గం మీద కూసునే వాళ్లుంటే న్యూ మెక్సికోల శాంటాఫే ఇంటర్నేషనల్ ఫోక్ ఆర్ట్ మార్కెట్ గురించి వాళ్లకు చెప్పు, 2004 సంది జూలైల పెడ్తరు, దేశదేశాల నుంచి చేసినోళ్లే వచ్చి వాళ్ల సరుకు వాళ్లే అమ్ముకుంటరు, "మీరే చేశారా" అంటే అవునని చెప్పే హక్కు వాళ్లది.

కాయితాల పని గబగబ చెప్పేస్త. అమ్మే ముందు స్టేట్ సేల్స్ టాక్స్ లైసెన్స్ తీసుకోవాలె, ఒహాయోల ఊరూరు తిరుక్కుంట అమ్మేటోళ్లకు ట్రాన్సియెంట్ వెండర్ లైసెన్స్ అని ఉంటది, ఏ కౌంటీల అమ్మితే ఆ కౌంటీ రేటు వసూలు చెయ్యాలె, ఏం అమ్మకపోయినా గడువుకు రిటర్న్ వెయ్యాలె, మర్చిపోయి జరిమానా కట్టిన ఒకసారి. బట్టల మీద లేబుల్ ఉండాలె, కాటనా సిల్కా ఎంత శాతం, ఏ దేశంది, ఎవరిది అని. ఇండియా నుంచి పార్సిల్ అయితే, ఇంతకుముందు 800 డాలర్ల లోపు డ్యూటీ లేకుండ వచ్చేటివి, 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటు తీసేసిండ్రు, రేట్లు మారుతనే ఉన్నయి, తెప్పించే ముందు ఆ వారం రేటు చూడు. గిఫ్ట్ అని రాయించి అమ్మకానికి తెప్పిస్తే అబద్ధపు డిక్లరేషన్ అయితది, ఆ పని చెయ్యకు. సకినాలు, మురుకులు అమ్ముదామనుకునేటోళ్లు కాటేజ్ ఫుడ్ రూల్స్ చదవాలె, ఇక్కడ ఇంట్ల చేసిందని లేబుల్ మీద రాసి కొన్ని రకాలే అమ్మొచ్చు, ఆ లిస్టుల ఉన్నయా లేవా చూసుకో, పచ్చళ్లు మాత్రం కుదరవు.

బయట షో అయితే 10 బై 10 అడుగుల టెంటు, తెల్లదే అడుగుతరు ఎక్కువ. నాలుగు కాళ్లకు ఒక్కోదానికి 40 పౌండ్ల బరువు కట్టు. నేను నీళ్ల క్యాన్లు కట్టి సరిపోతది అనుకున్న, మధ్యాహ్నం ఒక్క గాలి వచ్చింది, నా టెంటు పోయి పక్కన కుండలు అమ్మేటాయన మీద పడ్డది, ఆరు కుండలు పలిగినయి, ఆ రోజు నేను సంపాదించింది ఆయనకే పోయింది.

కొనడానికి పోయేటోళ్లకు రెండే మాటలు. లాస్ట్ రేటు ఎంత అని అడగొద్దు, ఫ్లీ మార్కెట్ల, అంటే పాత సామాన్ల అంగట్ల, నడుస్తది గని చేతిపని కాడ బేరమాడితే వాళ్లు నొచ్చుకుంటరు. ఇంకోటి, అడగకుండ ఫోటో తియ్యొద్దు, డిజైన్ కొట్టేస్తరని వాళ్ల భయం, అడిగితే చాలమంది తియ్యనిస్తరు.

నీకు కార్డు వచ్చేదాక అయితే చెల్లె, మీ కౌంటీ ఫెయిర్ ప్రీమియం బుక్ డౌన్‌లోడ్ చేసుకో, మా కౌంటీల ఎంట్రీలు జూన్‌ల మూసేస్తరు. ఏం కుట్టొచ్చు నీకు? ఏం రాకపోయినా బొంత వస్తది, మీ అమ్మను అడుగు. ఫెయిర్‌కు పోయినప్పుడు ఫన్నెల్ కేక్ తిను, మన జిలేబీని పాకంల ముంచకుండ చక్కెర పొడి చల్లినట్టుంటది. కార్న్ డాగ్, అంటే పుల్లకు గుచ్చి మొక్కజొన్న పిండిల ముంచి వేయించిన సాసేజ్, అది మాత్రం అడిగి తిను, లోపల పందిదో గొడ్డుదో మాంసం ఉంటది.