తెర మీద గొర్రెపిల్ల మళ్లీ కావాలి

ప్రశ్న: మేడమ్, పెళ్లికి ముందు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసే రోజుల్లో అక్కడి తెరల మీద ఒక తెల్ల గొర్రెపిల్ల తిరిగేది. విండోల అంచుల మీద నడిచి, జారిపడి, ఓ మూల నిద్రపోయేది. మా ఎనిమిదేళ్ల పాపకు దాన్ని చూపించాలని ఉంది. పాత ఫైలు దొరికింది కానీ విండోస్ 11లో తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ గొర్రెపిల్లను గుర్తుపెట్టుకుని అడిగినందుకు చాలా సంతోషమమ్మా. అది జపాన్‌లో పుట్టింది. తత్సుతోషి నోమురా సృష్టించిన పాత్ర, 1990ల నడుమ కంప్యూటర్లలోకి వచ్చింది. మన దగ్గర ఎక్కువమందికి ఈషీప్‌గానే తెలుసు.

మీ ల్యాప్‌టాప్‌లో లోపమేమీ లేదు. పాత ఫైలు 16 బిట్ ప్రోగ్రాం, అంటే పాతకాలపు కంప్యూటర్ల కోసం రాసినది. విండోస్ 11 అలాంటివాటిని అసలు నడపదు, సెట్టింగులు మార్చినా ప్రయోజనం ఉండదు. ఆ ఫైలు తీసేయండి. అదే గొర్రెను కొత్త విండోస్ కోసం మళ్లీ రాసినవారున్నారు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఈషీప్ (eSheep) అని వెతకండి, ఉచితమే.

దారిలో కనబడిన ప్రతి డౌన్‌లోడ్ బటనూ నొక్కకండి. పాప కోసం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2000 ప్రాంతంలో బోంజీ బడ్డీ అనే ఊదారంగు గొరిల్లా తెరల మీదికి వచ్చింది. కబుర్లు చెప్పేది, పాటలు పాడేది. పిల్లలకు తెగ నచ్చింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు సేకరించినందుకు దాన్ని తయారుచేసిన కంపెనీ 2004లో అమెరికా ప్రభుత్వానికి 75,000 డాలర్ల జరిమానా కట్టింది. పేరు, ఈమెయిలు అడిగే ఏ పెంపుడు బొమ్మనూ ఇంట్లోకి రానివ్వకండి. గొర్రెకు మీ పాప పేరుతో ఏం పని?

ఇంకొకటి కూడా చూపించండి, నెకో అనే పిల్లి. 1980ల నాటిది. మౌస్ బాణం ఎటు వెళితే అటు పరుగెత్తుతుంది, బాణం ఆగితే కాసేపు చెవి గోక్కుని, ఆవులించి పడుకుంటుంది. అంతే, ఇంకేమీ చేయదు. నల్లకుంటలో సాయంత్రాలు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మౌస్ మీద చెయ్యి కుదరడానికి దీన్ని మించిన గురువును నేను చూడలేదు. విండోస్‌కు బదులు లినక్స్ వాడే కంప్యూటర్లకు ఇదే పిల్లి ‘వన్‌నెకో’ పేరుతో దొరుకుతుంది.

తెర మీద ఇలాగే తిరిగే షిమేజీ అనే చిన్న బొమ్మలూ ముద్దుగానే ఉంటాయి. కాకపోతే చూస్తుండగానే ఒకటి నాలుగవుతాయి, తెరిచి ఉన్న విండోను ఎత్తుకుపోయి విసిరేస్తాయి. 2020లో వచ్చిన డెస్క్‌టాప్ గూస్ అనే బాతు ఏకంగా మౌస్ బాణాన్నే ముక్కున కరచుకుని లాక్కుపోతుంది, తెరంతా బురద అడుగులు వేస్తుంది. సెలవు రోజున పాప కడుపుబ్బ నవ్వుతుంది. హోంవర్కు టైప్ చేసే వేళ మాత్రం వద్దు.

ఆ ల్యాప్‌టాప్ మీ ఆఫీసు వారిచ్చినదైతే గొర్రెనైనా సరే వారిని అడగకుండా పెట్టకండి. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే పాపకు అదే ఇవ్వండి. బొమ్మలన్నీ చిన్నవే, నాలుగు జీబీ మెమరీ ఉన్నా హాయిగా తిరుగుతాయి.