పన్నెండో జెర్సీ ఎవరికి?

ప్రశ్న: మాస్టారూ, పాలకొల్లు దగ్గర హైస్కూల్లో పీఈటీని. మా బాస్కెట్‌బాల్ జట్టుకి పదకొండు మందిని తేల్చేశాను. పన్నెండో చోటుకి ఇద్దరు మిగిలారు. ఒకడు ఆరడుగుల రెండంగుళాలు, ఆటకి కొత్త, బంతి చేతిలో నిలవదు. రెండోవాడు పొట్టి, బంతి మాత్రం పోగొట్టడు. ఎవర్ని తీసుకోను?

జవాబు: పదకొండు మందిలో పొడుగువాళ్లెందరో రాయలేదేమండీ? లెక్కంతా అక్కడే ఉంది. పన్నెండోవాడికి ఆట దొరికేది ఎవరైనా ఐదో ఫౌల్ పడి ఆట నుంచి బయటికొస్తేనో, మడమ బెణికితేనో. ఫౌళ్లు ఎక్కువగా మీద పడేది బుట్ట కింద కాసే పొడుగువాళ్లకే. మీకు వాళ్లు ఇద్దరే ఉంటే పొడుగబ్బాయినే తీసుకోండి. ముగ్గురుంటే మాత్రం నా ఓటు పొట్టివాడికి. ఎదుటి జట్టు కోర్టంతా కమ్ముకుంటే ఎనిమిది సెకన్లలో బంతిని సగం గీత దాటించాలి కదా, ఆ పని ఎత్తుతో అవదు. (ఎత్తు చూడగానే మురిసిపోవడం మన సెలెక్టర్ల పాత జబ్బు లెండి.)

ఒకటి మాత్రం చూసుకోండి. మన నల్లమట్టి కోర్టు మీద వాన పడిందంటే బంతి సరిగ్గా లేవదు. అక్కడ డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకి కొడుతూ నడపడం, చూసి పొడుగువాణ్ణి తీసిపారేస్తే అన్యాయం. సిమెంటు కోర్టున్న చోటికి ఇద్దర్నీ తీసుకెళ్లండి. బాగా పరిగెత్తించి, ఆయాసంలో ఉండగానే బుట్ట బోర్డుకి 4.6 మీటర్ల దూరంలో ఉన్న గీత నుంచి ఫ్రీత్రోలు (ఎవరూ అడ్డుకోని షాట్లు) వేయించండి. షాట్ తప్పినప్పుడు ఎవరు ఎదుటివాణ్ణి వీపుతో ఆపి బంతికెళ్తున్నారో, ఎవరు నిలబడి చూస్తున్నారో గమనించండి.

చోటు దక్కనివాడికి మీరే పిలిచి చెప్పండి, నోటీసు బోర్డు చూసుకోమనకండి.