గుండె మళ్లీ కొట్టుకుంది, నాన్న ఇంకా కళ్లు తెరవలేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకు 57 ఏళ్లు. నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ 4 దాటింది గానీ డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. ఆదివారం ఉదయం కొబ్బరికాయలు లోడు చేయిస్తూ ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. చేతులు కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెట్టాం. 108 వాళ్లు వచ్చి ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడు విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నారు. నిన్న సాయంత్రమే డ్యూటీ డాక్టర్ 'మెదడు దెబ్బతింది, ఆశలు పెట్టుకోవద్దు' అన్నారు. ఇంటికి తీసుకెళ్లిపోదామని మావయ్య అంటున్నాడు. కానీ నేను వేలు అందిస్తే నాన్న గట్టిగా పట్టుకుంటున్నారు. స్పృహ వస్తుందా? ఒళ్లు చల్లబరిచే వైద్యం చేయిస్తే బాగుండేదని ఒకరన్నారు. అది చేయకపోవడం వల్ల నష్టం జరిగిందా?

డాక్టర్ సలహా: బాబూ, మీ మెయిల్ అందిన మంగళవారం రాత్రే ఇది రాస్తున్నాను. ముందు గంటలు లెక్కపెడదాం. గుండె తిరిగి కొట్టుకున్నప్పటి నుంచి 72 గంటలు గడవకుండా, స్పృహ రాదని తేల్చకూడదు. యూరప్‌లో వైద్య సంఘాలు 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. ఆదివారం ఉదయం నుంచి లెక్కేస్తే మీకు ఆ గడువు బుధవారం ఉదయానికి వస్తుంది. అంటే సోమవారం సాయంత్రం విన్న మాట తీర్పు కాదు. భయం కొద్దీ అన్న మాటో, మిమ్మల్ని ముందే సిద్ధం చేద్దామని అన్న మాటో అయ్యుంటుంది.

మీ నాన్నగారి విషయంలో ఆ 72 గంటలు కూడా చాలకపోవచ్చు. కారణం కిడ్నీలు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు గొట్టం ఇబ్బంది పెట్టకుండా మిడజోలం లాంటి మత్తుమందు ఎక్కిస్తారు. కిడ్నీలు బాగున్న మనిషిలో అది తొందరగానే బయటికి పోతుంది. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల్లో మాత్రం డ్రిప్ ఆపాక కూడా దాని ప్రభావం రోజుల తరబడి ఉండొచ్చు. పైగా గుండె ఆగిన దెబ్బకు క్రియాటినిన్ ఇంకా పెరుగుతుంది, ఒంట్లో పేరుకున్న యూరియా కూడా మనిషిని మబ్బుగా ఉంచుతుంది. ఇలాంటి ఒక పేషెంట్ దగ్గర నేనే తొందరపడబోయాను. ఆరో రోజు నర్సమ్మ వచ్చి, 'సార్, నోరు తుడుస్తుంటే మొహం తిప్పుకుంటున్నాడు' అంది. ఆ తర్వాత రెండు రోజులకు పేరు పెట్టి పిలిస్తే చూశాడు. మీ నాన్నగారికీ అలాగే జరుగుతుందని కాదు. మత్తు ఉండగా చేసిన పరీక్షను నమ్మకూడదని చెప్పడానికే ఇది రాశాను.

ఇక మీ వేలు పట్టుకోవడం. ఇది చెప్పడం నాకు కష్టమే. అరచేతిలో ఏదైనా తగిలితే వేళ్లు ముడుచుకోవడం పసిపిల్లల్లో చూస్తాం కదా, మెదడు పై భాగం దెబ్బతిన్నప్పుడు అదే పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది. కన్నీళ్లు కారడం, ఆవులించడం, కళ్లు తెరిచి ఎటో చూడటం కూడా స్పృహ లేకుండానే జరగొచ్చు. పట్టుకోమని కాదు, 'నాన్నా, నా వేలు వదులు' అని అడిగి చూడండి. అడిగినప్పుడల్లా వదిలితే అది నిజంగా మంచి కబురు, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. అలాగే గోరు మీద పెన్నుతో నొక్కినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవడం వేరు, మోచెయ్యి బిగుసుకుని ఛాతీ మీదికి ముడుచుకోవడం వేరు. మొదటిది మెరుగైన సంకేతం.

గడువు దాటి, మత్తు దిగిపోయి, అప్పటికీ నొప్పికి సరిగా స్పందించకపోతే అసలు పరీక్షలు మొదలవుతాయి. టార్చ్ వేస్తే రెండు కంటిపాపలూ కదలకపోవడం, నల్లగుడ్డును దూది పోగుతో తాకినా రెప్ప కొట్టకపోవడం, ఈ రెండూ 72 గంటల తర్వాత కూడా అలాగే ఉంటే పరిస్థితి తీవ్రమే. మొదటి రోజు అలా ఉంటే మాత్రం దానికంత విలువ లేదు. నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యుంటే అదీ చెప్పండి, కంటిపాప తేడాగా కనిపించొచ్చు.

మన వైపు తేలిగ్గా దొరికేది ఈఈజీ, అంటే మెదడులోని కరెంటును గీతగా చూపే పరీక్ష. మిషన్‌ను మంచం దగ్గరికే తెచ్చి తీస్తారు. 24 గంటల తర్వాత తీసిన దాంట్లో గీత దాదాపు చదునుగా ఉన్నా, చాలాసేపు చదునుగా ఉండి మధ్యమధ్యలో ఒక్కసారిగా ఎగిసిపడుతున్నా మంచిది కాదు. గీత ఎడతెగకుండా నడుస్తూ, చప్పట్లు కొడితే మారుతుంటే ఆశ ఉన్నట్టే. ఒళ్లంతా ఉలిక్కిపడుతున్నట్టు అదురుతుంటే కూడా ఈఈజీ తప్పనిసరి. మొదటి మూడు రోజుల్లో ఆ అదురు అరగంటకు పైగా ఆగకుండా ఉంటే చెడు సూచనే గానీ, తెలివి వచ్చాక కదిలినప్పుడల్లా అదిరే ఇంకో రకం ఉంది. లాన్స్, ఆడమ్స్ అనే డాక్టర్లు 1963లో దాన్ని వివరించారు. ఆ రకంలో మనిషికి తెలివి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే పెద్ద పొరపాటు జరిగిపోతుంది.

ఎంఆర్ఐ రెండో రోజు నుంచి ఏడో రోజులోపు తీస్తే విషయం బాగా తెలుస్తుంది. మొదటి రోజు సీటీ నార్మల్ అని వస్తే సంబరపడాల్సిన పని లేదు. మణికట్టు నరానికి చిన్న కరెంటు ఇచ్చి అది మెదడు పై పొరకు చేరుతుందో లేదో చూసే ఎస్‌ఎస్‌ఈపీ పరీక్ష చాలా నమ్మకమైనది, మత్తుమందు ప్రభావం కూడా దాని మీద తక్కువ. అన్ని చోట్లా ఉండదు, అడిగి చూడండి. రక్తంలో ఎన్‌ఎస్‌ఈ అనే పరీక్ష ఉంది, దెబ్బతిన్న మెదడు కణాల నుంచి రక్తంలోకి వచ్చే పదార్థాన్ని కొలుస్తారు. అది 48 లేదా 72 గంటలకు 60 దాటితే చెడు సూచన. అయితే శాంపిల్‌లో రక్తకణాలు పగిలినా ఆ అంకె పెరిగిపోతుంది.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పకూడదు. కనీసం రెండు ఒకే మాట చెప్పాలి. రెండూ మూడూ కలిసి చెడ్డ కబురే చెబితే దాన్ని నమ్మండి, ఇంకో ఆసుపత్రికి, ఇంకో ఊరికి తిప్పకండి. ఒకటి ఇటు, ఒకటి అటు చెబితే ఆగి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూడాలి. తెలివి వచ్చినా జ్ఞాపకశక్తి, చురుకుదనం మునుపటిలా ఉండకపోవచ్చు.

చల్లబరిచే వైద్యం గురించి బెంగ వద్దు. 2002లో వచ్చిన అధ్యయనాల తర్వాత అందరం 33 డిగ్రీల దాకా చల్లబరచాలనుకున్నాం. దాదాపు 1,900 మందితో చేసిన పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. జ్వరం రాకుండా చూసుకున్నవాళ్లతో పోలిస్తే చల్లబరిచినవాళ్లలో బతికినవారి సంఖ్య ఏమీ పెరగలేదని అందులో తేలింది. కాబట్టి ఒళ్లు 37.7 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో సుమారు 100, దాటకుండా చూస్తున్నారా లేదా అన్నది అడగండి.

తాళాల గుత్తి సంగతి రాయకుండా ఉండలేను. గుండె ఆగిన మొదటి క్షణాల్లో చేతులు కొట్టుకోవడం, గురకలాంటి ఎగశ్వాస రావడం మామూలే. మన ఊళ్లలో అందరూ ఫిట్సే అనుకుంటారు. మీ తప్పేం లేదు. ఇంట్లో మిగతావాళ్లు మాత్రం ఛాతీ నొక్కడం నేర్చుకోండి.

మావయ్యను రెండు రోజులు ఆగమనండి. ఖర్చు భారమైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏం వస్తుందో, ప్రభుత్వ ఆసుపత్రి ఐసీయూలో బెడ్ ఉందో రేపే కనుక్కోండి. ఉదయం రౌండ్స్‌కు డ్యూటీ డాక్టర్ కాకుండా పెద్ద డాక్టర్ వస్తారు. ఆయన్ని మొదట అడగాల్సింది 'బతుకుతాడా' అని కాదు, మత్తుమందు ఏ రోజు, ఎన్ని గంటలకు ఆపారు అని. కేస్ షీట్‌లో నర్సు ఆ టైమ్ రాసి ఉంటుంది.